కారణం దొరకని కాళ్ళ మంటలు

'కాళ్ళు నొప్పులు' అనే మాట మన జిల్లాల్లో ఎంత మామూలైపోయిందంటే, ఎవరైనా ఆ మాట అంటే ఎదుటివాడు జవాబు కూడా చెప్పడు. ఉభాలకి వెళ్ళి వచ్చిన మనిషికి కాళ్ళు నొప్పులు కాక మరేముంటాయి? రోజంతా బురదలో నడుం వంచి నిలబడితే రాత్రికి లాగుతాయి, పడుకుంటే తెల్లారేసరికి పోతాయి. నేను రాయబోయేది ఆ నొప్పుల గురించి కాదు. పని చేసినా చేయకపోయినా వదలకుండా, ముఖ్యంగా రాత్రిపూట, అరికాళ్ళ నుంచి పైకి మంటలుగా, సూదులుగా, కరెంటు షాకులుగా వచ్చే నొప్పి వేరే ఉంది. అది కండరాలది కాదు, కీళ్ళది కాదు. నరాలది.

సైన్సు విద్యార్థిని గనక ఏదైనా శాస్త్ర విషయం మీద నాలుగు ముక్కలు రాయమని సంచిక వాళ్ళు అడిగారు. ఈ విషయం మీద నాకు పట్టుదల పుట్టింది మాత్రం తరగతి గదిలో కాదు, ఇంట్లో. మాది టెక్కలి వైపు ఒక పల్లెటూరు. కొంచెం వరిచేను, కొంచెం జీడితోట. మా అమ్మకి ఆరేళ్ళుగా ఈ బాధ. పగలంతా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక మొదలవుతుంది. "నిప్పుల మీద నడిసినట్టుంటాది నాయినా, దుప్పటి తగిలినా ఓర్సుకోనేను" అంటుంది. ఆసుపత్రుల చుట్టూ తిప్పాం. రక్తం తీశారు, ఎక్సరే తీశారు. అన్నీ 'నార్మల్'. ఒకచోట డాక్టరుగారు కాగితాలు మడిచి చేతికిచ్చి, "ఈవిడకి జబ్బేమీ లేదయ్యా, దిగులు తగ్గించుకోమను" అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అప్ప అడిగితే "నాకేటీ నేదంట" అంది. జబ్బు లేదన్నందుకు సంతోషించాల్సిన మనిషి అలా కుంగిపోవడం చూశాక నన్నొక ప్రశ్న పట్టుకుంది. పరీక్షలో కనపడనిది లేనట్టేనా?

ముందు మాటల సంగతి చెప్పాలి. డాక్టరు రాసే కాగితం మీద 'పెయిన్' అని ఒకటే మాట ఉంటుంది. మన పల్లెల్లో అలా కాదు. సలుపు వేరు, పోటు వేరు, లాగుడు వేరు. తిమ్మిరి, మంట, జివ్వుమనడం, చీమలు పాకినట్టుండడం, గోనెపట్టా మీద నడిచినట్టుండడం, ఇవన్నీ వేరువేరు బాధలకి వేరువేరు పేర్లు. ఇది చాదస్తం కాదు, సగం రోగ నిర్ణయం ఇందులోనే ఉంది. మంట, సూదులు అంటే సన్నని నరపు తంతువులు చెడ్డాయని అనుమానించాలి. నేల తెలియడం లేదు, చీకట్లో తూలిపోతున్నాను, చెప్పు జారిపోయినా తెలియదు అంటే లావు తంతువులు. పిరుదు దగ్గర నుంచి ఒక్క కాలిలోకే మెరుపులా దిగితే, దగ్గినా తుమ్మినా ఎక్కువైతే, చిక్కు కాలిలో లేదు, నడుం దగ్గర నరం మొదట్లో ఉంది. సయాటికా అనేది అదే. పల్లె మనిషి ఇంత వివరంగా చెప్పేదాన్ని మనం 'కాళ్ళు నొప్పులట సార్' అని డాక్టరుకి ఒక్క ముక్కలో తర్జుమా చేసి పెడుతున్నాం.

ఇక అసలు నరం ఎలా పని చేస్తుందో చూద్దాం. అరికాలి చర్మంలో ఉన్న నరపు కొన ఒక కణంలో భాగం. ఆ కణం దేహం వెన్నెముక పక్కన చిన్న ముడిలాంటి చోట ఉంటుంది. అక్కడి నుంచి అరికాలి దాకా, అంటే సుమారు మీటరు పొడవున, వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని తంతువు దిగుతుంది. కొనకి కావలసిన సరుకంతా పైన తయారై ఈ దారినే రావాలి. వేగంగా వచ్చే సరుకు రోజుకి 400 మిల్లీమీటర్ల దాకా నడుస్తుంది. నెమ్మదిగా వచ్చేది రోజుకి మిల్లీమీటరో, కొంచెం ఎక్కువో. వంశధార ఎడమ కాలువ కింద శివారు భూములున్న వాళ్ళకి దీన్ని నేను విడమరిచి చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజీ దగ్గర నీరు కొంచెం తగ్గితే పై మళ్ళకి తెలియదు, ముందు ఎండేది చివరి మడి. నరాలకి ఏ కష్టమొచ్చినా, అది చక్కెర జబ్బు కానీయండి, విటమిను లోపం కానీయండి, ముందు తెలిసేది శరీరంలోకెల్లా పొడుగైన నరాల చివర్లో, అంటే పాదాల్లో. మేజోడు తొడిగినట్టు రెండు కాళ్ళకీ సమానంగా పైకి పాకుతుంది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళు మొదలవుతాయి. ఎందుకంటే అప్పటికి చేతుల నరాల పొడవు లెక్కలోకి వచ్చింది.

ఎండిపోయిన నరం మొద్దుబారాలి గాని మండడమేమిటి అని అడగవచ్చు. నేనూ మా జువాలజీ మాస్టారిని అదే అడిగాను. తెగిపోవడానికి ముందు, దెబ్బతిన్న తంతువు ఊరికే ఉండదు. నిప్పు తగలకపోయినా 'నిప్పు, నిప్పు' అని కబురు పంపుతూనే ఉంటుంది. వెన్నుపాము ఆ కబురు నెలల తరబడి విని విని, చివరికి మామూలు స్పర్శని కూడా నొప్పిగానే లెక్క కట్టడం మొదలుపెడుతుంది. దుప్పటి తగిలితే ఓర్చుకోలేకపోవడం అందుకే. ఆ మంట ఊహ కాదు. మెదడుకి చేరే సంకేతం నిజమైన నిప్పు పంపే సంకేతమే. నిప్పు మాత్రం లేదు.

మరి పరీక్ష 'నార్మల్' ఎందుకొచ్చింది? నరాల పరీక్షలో చర్మం మీద చిన్న కరెంటు దెబ్బ ఇచ్చి, అది నరం వెంట ఎంత వేగంగా పోయిందో కొలుస్తారు. లావు తంతువుల్లో కబురు సెకనుకి 50 మీటర్ల వరకూ, అంతకంటే వేగంగా కూడా పోతుంది. మంట, వేడి మోసుకుపోయే సన్నని తంతువుల్లో సెకనుకి ఒకటి రెండు మీటర్లే. ఆ యంత్రం పట్టుకోగలిగింది లావు తంతువుల కబురు మాత్రమే. సన్నవి మొత్తం చెడిపోయినా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అవి చూడాలంటే చీలమండ పైన ఆవగింజంత చర్మం తీసి సూక్ష్మదర్శిని కింద నరపు కొనలు లెక్కపెట్టాలి. అది అన్నిచోట్లా దొరికేది కాదు. కాబట్టి 'నార్మల్' అనే మాటకి అర్థం 'నేను చూసిన మేరకి బాగుంది' అని మాత్రమే. పెద్దకాలువ సర్వే చేసి పిల్లకాలువలన్నీ బాగున్నాయని రాస్తే మన రైతులు ఒప్పుకుంటారా?

నిజానికి కారణం తెలియని కాళ్ళ జబ్బు మన తీరానికి కొత్త కాదు. వైద్య చరిత్రలో మన ప్రాంతం పేరు చేరిందే దాంతో. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలని ఉత్తర సర్కారులు అనేవారు. 1835లో మాల్కమ్సన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు బెరిబెరి మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ జబ్బుకి ఆయన చూపిన తావు మన సర్కారులే. కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు నొప్పెట్టి, నడక తడబడి, కొందరికి ఒళ్ళు ఉబ్బి గుండె ఆగిపోయేది. గాలి అన్నారు, తేమ అన్నారు, చిత్తడి నేల అన్నారు. ఎవరికీ అంతుపట్టలేదు.

అంతు పట్టడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1890లలో జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్ళకి పాలిష్ బియ్యం పెడితే కాళ్ళు పడిపోవడం, ముడి బియ్యం పెడితే తేరుకోవడం చూశాడు. తెల్ల బియ్యంలో ఏదో విషముందనుకున్నాడు. ఆయన తరవాత పనిచేసిన గ్రైన్స్ 1901లో అది తిప్పి చెప్పాడు: బియ్యంలో ఏదో ఉండడం కాదు, ఏదో లేకపోవడం. ఆ లేనిదాన్ని 1926లో జావాలోనే స్ఫటికాలుగా వేరుచేశారు, 1936లో అమెరికాలో రాబర్ట్ విలియమ్స్ ప్రయోగశాలలో తయారు చేశాడు. అదే థయమిన్, బి1 విటమిను. ఈ విలియమ్స్ పుట్టింది ఎక్కడనుకున్నారు? 1886లో మన నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట.

మన దేశంలో ఈ జబ్బు పరిశోధనకి 1918లో కూనూరులో మెకారిసన్ ఒక్క గదిలో 'బెరిబెరి ఎంక్వైరీ' ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఆ భవనాల ముందు నుంచి పోయేవాళ్ళలో దానికి మూలం ఒక కాళ్ళ జబ్బని ఎందరికి తెలుసో! కూనూరు సంస్థకి తరవాత అధిపతి అయిన ఎక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో బియ్యం మీద ఒక పెద్ద నివేదిక వెలువరించారు. మద్రాసు రాష్ట్రమంతా బియ్యమే తింటున్నా బెరిబెరి ముఖ్యంగా సర్కారుల్లోనే ఎందుకుంది? మిగతాచోట్ల ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లని ఉడికించేటప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి దిగుతుంది, మరాడించినా పూర్తిగా పోదు. మనవాళ్ళు పచ్చి వడ్లనే మరకిచ్చి తెల్లగా చేయించి, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తిన్నారు. తవుడు గేదెకి వెళ్ళింది. విటమిను తిన్నది గేదె, తిమ్మిరెక్కింది యజమానికి!

దీనికి దగ్గరి జబ్బే ఇంకొకటి, అరికాళ్ళ మంటలు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళ చెరలో చిక్కిన సైనికులు రాత్రుళ్ళు పాదాలు పట్టుకుని ఏడ్చేవారట. 1946లో మద్రాసు ప్రాంతపు పేదల్లో ఇదే బాధని పరిశీలించి, పాంటోథెనిక్ ఆమ్లమనే బి విటమిను ఇస్తే ఉపశమనం కలిగిందని రాసినవారు డాక్టర్ కొలుతూరు గోపాలన్. తరవాత పోషకాహార సంస్థకి అధిపతిగా పనిచేసింది ఈయనే.

ఈ చరిత్రంతా ఎందుకు చెబుతున్నానంటే, 1835లో తిమ్మిరి కాళ్ళతో పడివున్న మనిషి జబ్బుకీ 'కారణం లేదు'. కారణం అతని కంచంలోనే ఉంది, కనిపెట్టే వాళ్ళు ఇంకా పుట్టలేదు. దొరకని కారణం వేరు, లేని కారణం వేరు.

ఈనాటికి బెరిబెరి మన పల్లెల్లో అరుదు. కాళ్ళ నరాలు చెడడానికి ఇప్పుడు మొదట వెతకవలసింది చక్కెర జబ్బు. అదుంటుందని తెలియక ముందే కాళ్ళు మండడం మొదలుకావచ్చు. తరవాత బి12. ఇది పాలు, గుడ్లు, చేప, మాంసంలో తప్ప మొక్కల్లో ఉండదు. చక్కెర జబ్బుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడినా తగ్గిపోవచ్చు. నాటుసారా సంగతి చెప్పనక్కర్లేదు, అది నరాన్నీ కాలుస్తుంది, బి1నీ మింగేస్తుంది. కొన్ని ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతే, మనిషి బతికి బయటపడ్డ రెండు మూడు వారాలకి కాళ్ళ నరాలు చెడతాయి. ముఖానికి గుడ్డ కట్టకుండా గాలికి ఎదురుగా మందు కొట్టేవాళ్ళు ఇది వినాలి. కొన్ని నాటు భస్మాల్లో సీసం, పాషాణం ఉండి కూడా ఇదే పని చేస్తాయి. ఇంకో విచిత్రం, బలానికని బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగినా నరాలు పాడవుతాయి. నరాల బలం ఇంజక్షన్లని సంతలో మిఠాయిలా పంచేవాళ్ళు మన ఊళ్ళల్లో తక్కువ లేరు.

కుష్ఠు విషయం మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మన రెండు జిల్లాలూ ఒకప్పుడు ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నవి. ఉమ్మడి విజయనగరం జిల్లాలో ఉండిన సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి వెలిసింది ఇందుకే. కుష్ఠు నరాల జబ్బు, చర్మం మీద మచ్చ దాని జాడ మాత్రమే. స్పర్శ లేని పాలిపోయిన మచ్చగాని, మోకాలి వెలుపలి పక్క తాడులా లావెక్కిన నరంగాని ఉంటే అనుమానించాలి. 1980ల నుంచి వచ్చిన మూడు మందుల చికిత్సతో ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో నయమవుతుంది, మందులు ఉచితం. మధ్యలో నరం హఠాత్తుగా వాచి నొప్పి చేస్తే ఆ వారంలోనే చికిత్స పడాలి, ఆలస్యమైతే పాదం వాలిపోతుంది. పేరు బయటపడుతుందని ఇంటి లోపల దాచేది మనిషిని కాదు, మానిపోయే జబ్బుని.

మావైపు ఇంకొక భయం ఉంది, ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి, కచ్చితమైన కారణం తేలలేదు. కిడ్నీ చెడినా కాళ్ళ నరాలు మండుతాయి, రాత్రి కాళ్ళు నిలవనీయవు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. అక్కడి దాకా వెళ్ళకముందే మనం చేయగలిగింది ఒకటుంది. కాళ్ళు మండుతున్నాయని దుకాణంలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొని రోజూ మింగడం మానాలి. అవి వాపుని తగ్గించే మందులు. నరాల మంటలో వాపు లేదు, కాబట్టి దాదాపు పనిచేయవు. బలహీనమైన కిడ్నీకి మాత్రం కచ్చితంగా హాని చేస్తాయి. పని చేయని మందుకి కిడ్నీని ఖర్చు పెట్టడమన్నమాట. మా ఊళ్ళో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు కొంగు ముడిలో ఆ మాత్రలు కట్టుకుని పనికి వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంత వెతికినా, పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో అన్ని పరీక్షలూ చేసినా, సుమారు నాలుగోవంతు మందిలో కారణం దొరకదు. మా అమ్మ ఆ నాలుగోవంతులో ఉంది. విశాఖపట్నంలో నరాల డాక్టరు ఒకాయన యంత్రం పక్కన పెట్టి, గుండుసూది, చల్లటి లోహపు కడ్డీ తీసుకుని పాదం నుంచి పైకి అరగంట సేపు పరీక్షించారు. "ఇక్కడ చల్లగా ఉందా అమ్మా? ఇక్కడ?" అని అడుగుతూ పోయారు. చీలమండ దాకా అమ్మకి చలీ వేడీ తేడా తెలియడం లేదు. మాకెవరికీ తెలియని సంగతి అది, అమ్మకీ తెలియదు. "నీ నొప్పి నిజమేనమ్మా, సన్న నరాలు చెడ్డాయి. ఎందుకు చెడ్డాయో నాకు తెలియలేదు. తగ్గించే ప్రయత్నం చేద్దాం" అన్నారు. మందు మింగకముందే అమ్మ ముఖంలో సగం బరువు దిగింది.

తగ్గించడం అంటే ఏమిటి? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక తలుపు ఉంటుందన్నారు. లావు తంతువుల నుంచి స్పర్శ కబురు వస్తే ఆ తలుపు కొంత మూసుకుంటుంది, నొప్పి తక్కువగా లోపలికి పోతుంది. ఆ సిద్ధాంతాన్ని తరవాత వాళ్ళు చాలా సవరించారు గాని మూల విషయం నిలిచింది. దెబ్బ తగిలిన చోట రుద్దుకోవడం, పిక్కలకి గుడ్డ బిగించి కట్టుకోవడం, ముసలమ్మలు మనవలని కాళ్ళు తొక్కమనడం, అన్నిటికీ అర్థం ఇదే. మందులు కూడా ఈ దారిలోనే పనిచేస్తాయి. అమిట్రిప్టిలిన్ 1961లో అమెరికాలో దిగులు జబ్బుకి వచ్చిన మందు. అంతకంటే తక్కువ మోతాదులో రాత్రిపూట ఇస్తే నరాల నొప్పిని అణుస్తుంది. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మూర్ఛ మందులు. వాటినీ ఇదే పనికి వాడతారు, కిడ్నీ బలహీనమైతే మోతాదు తగ్గించి. కరపత్రం చదివి 'పిచ్చి మందులు రాశాడు' అని పారేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి. వీటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, హఠాత్తుగా మానకూడదు, మొదట్లో మత్తుగా ఉంటుంది, ఫలితానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. నొప్పి సగానికి తగ్గితే వైద్యులు దాన్ని విజయమనే అంటారు. అమ్మకి సుమారు అంతే తగ్గింది. మంట ఉంది, నిద్ర వచ్చింది.

మందు కాక చేయవలసిన చిన్న పనులున్నాయి. మంట చల్లారుతుందని ఐసు నీళ్ళలో గంటల తరబడి కాళ్ళు పెట్టకూడదు, స్పర్శ లేని చర్మం చితికిపోయినా తెలియదు. వేడినీళ్ళయితే మోచేత్తో చూసి పోసుకోవాలి. చేలోకి చెప్పులు లేకుండా వెళ్ళకూడదు. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేనివాళ్ళకి పిల్లలు చూడాలి. ఉన్నట్టుండి కాళ్ళు బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మనలో చదువుకున్నవాళ్ళు ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టి ఒక కాగితం రాసి ఇవ్వవచ్చు. బాధ ఎప్పుడు మొదలైంది, మొదట ఏ వేలు, ఒక కాలా రెండూనా, పగలా రాత్రా, మంటా తిమ్మిరా పోటా, వాళ్ళు ఏ మాట వాడితే ఆ మాటే, దిద్దకుండా. ఏం తింటారు, సారా ఉందా, పురుగుమందు కొట్టారా, చక్కెర, బి12, క్రియాటినిన్ ఎప్పుడు చూశారు. దాంతోపాటు ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ, పసరుమందు సీసా ఉంటే అది కూడా, సంచీలో వేసి పంపాలి.